పాప ఎనిమిదో తరగతికి వస్తోంది, ఇల్లు బెంగళూరుకు మార్చేద్దామా? వెళ్లినవాళ్లు, వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి

కందిచేను:

అందరికీ నమస్కారం. మాది పామూరు దగ్గర పల్లె. మా ఆయన తొమ్మిదేళ్లుగా బెంగళూరులో పని చేస్తున్నారు. మొదట ఊరివాళ్లతో కలిసి బేల్దారి పనికి వెళ్లారు, అక్కడే టైల్స్ వెయ్యడం నేర్చుకున్నారు, ఇప్పుడు ఆయన కింద ఇద్దరు కుర్రాళ్లు పని చేస్తారు. రెండు నెలలకోసారి ఇంటికొస్తారు, నాలుగు రోజులుండి రాత్రి బస్సుకు వెళ్లిపోతారు. మా వీధిలో సగం ఇళ్ల సంగతి ఇదే కాబట్టి ఇన్నేళ్లూ నాకు ఇది కష్టమని కూడా అనిపించలేదు.

మొన్న దసరాకు ముందు ఆయన పని దగ్గర నిచ్చెన మీంచి జారి పడ్డారు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు కట్టించుకుని రూములో పడుకున్నారు గానీ నాకు చెప్పలేదు. ఆయనతో ఉండే అబ్బాయి వాళ్లమ్మకు చెబితే, ఆమె నాలుగో రోజు మా ఇంటికొచ్చి "మీ ఆయన చెయ్యి ఎట్లా ఉందమ్మా" అని అడిగింది. అప్పుడు తెలిసింది నాకు. ఆ నాలుగు రాత్రులూ ఆయన ఫోన్లో నాతో మామూలుగానే మాట్లాడారు, కంది పూత ఎట్లా ఉందని అడిగారు, బాబు అన్నం తిన్నాడా అని అడిగారు. పని ఇచ్చిన కాంట్రాక్టరు రెండు వేలు చేతిలో పెట్టి ఊరుకున్నాడట. నెలన్నర పని లేదు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. రాత్రి పదింటికి ఫోన్ రాకపోతే నిద్ర పట్టదు, వచ్చినా గొంతు మామూలుగా ఉందా లేదా అని వింటూ ఉంటాను.

పాప ఇప్పుడు ఏడో తరగతి, జడ్పీ హైస్కూలు, బాగా చదువుతుంది. బాబు రెండో తరగతి. వాళ్ల నాన్న గడప తొక్కగానే వాడు అడిగే మొదటి మాట "ఎన్ని రోజులుంటావు నాన్నా" అని. అత్తయ్య మాతోనే ఉంటుంది, మోకాళ్ల నొప్పులు, నెలకు నాలుగు వేలు పింఛను వస్తుంది. మూడెకరాల చెలక ఉంది, రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది, కంది, కొంచెం శనగ వేస్తాం. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను.

ఆయనకు పని ఉన్న నెలలో ఇరవై అయిదు, ఇరవై ఆరు వేలు పడుతుంది. రూము, తిండి, ఛార్జీలు పోను పద్నాలుగు వేలు దాకా పంపిస్తారు. మేమందరం అక్కడికి వెళ్తే కె.ఆర్.పురం వైపు ఒక బెడ్‌రూం ఇల్లు పది వేలు అంటున్నారు, అడ్వాన్సు అరవై వేలు అడిగారట. ఆయన ఇప్పుడు "జూన్‌లో బళ్లు తెరిచేలోపు వచ్చెయ్యండి, ఇక చాలు ఈ బతుకు" అంటున్నారు. నాకూ వెళ్లాలనే ఉంది. కానీ పాప కన్నడం ఎట్లా నేర్చుకుంటుంది, అత్తయ్య పింఛను, రేషను ఏమవుతాయి, రేపు పాపకు ఇక్కడ ఇంజినీరింగు సీటు వస్తుందా, ఇవన్నీ ఎవర్ని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. బంధువుల్ని అడిగితే వెళ్లమనేవాళ్లు వెళ్లమంటారు, వద్దనేవాళ్లు వద్దంటారు, ఎందుకో మాత్రం చెప్పరు.

హోసకోటె మేస్త్రీ:

చెల్లెమ్మా, నాదీ మీ వైపే, కనిగిరి మండలం. నేను బెంగళూరు వచ్చి పన్నెండేళ్లు, ఇంటివాళ్లను తెచ్చుకుని ఎనిమిదేళ్లు. బావకు చెయ్యి విరిగిన సంగతి చదివి బాధేసింది. అందుకని ముందు ఆ మాటే చెప్తాను, ఇల్లు మార్చే సంగతి తర్వాత. కర్ణాటకలో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఉంది, దాంట్లో పేరు నమోదు చేయించి లేబర్ కార్డు తీసుకోమనండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పని చేసినవాళ్లు ఎవరైనా తీసుకోవచ్చు, ఏ రాష్ట్రం వాళ్లని చూడరు. పని జరిగినట్టు సంతకం పెట్టించుకోవడమే కొంచెం కష్టం, కాంట్రాక్టర్లు తప్పించుకుంటారు, అయినా పట్టుబట్టి చేయించుకోవాలి. ప్రమాదానికి, పిల్లల చదువుకు దాంట్లో సాయం ఉంటుంది. మనవాళ్లు పదేళ్లు పనిచేసి కూడా ఈ కార్డు లేకుండానే ఉంటున్నారు, నేనూ ఆరేళ్లు అట్లాగే ఉన్నాను.

ఇక ఇల్లు. మీరు రోజు కూలిని నెలకు గుణించి చూడొద్దు. బావ దగ్గర పోయిన ఏడాది నెలనెలా ఎంత వచ్చిందో రాయించండి, వానల్లో పని ఆగిన రోజులు, సైటు అయిపోయి ఇంకోటి దొరికేదాకా ఖాళీగా ఉన్న రోజులు, ఇప్పుడు చెయ్యి విరిగిన నెలన్నర, అన్నీ కలిపి పన్నెండుతో భాగిస్తే వచ్చేదే మీ అసలు జీతం. నా లెక్కలో అది నేను అనుకున్నదాని కంటే నెలకు అయిదు వేలు తక్కువ తేలింది. ఇంటద్దె మాత్రం పని ఉన్నా లేకున్నా ఒకటో తారీఖుకు కట్టాల్సిందే, పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోగానే పెంచుతారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసుకుంటారు.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. అందరం ఒక చోట ఉంటే రోజూ రాత్రి ఆయన ఇంట్లో ఉంటాడనుకుంటాం. సైటు ఈ ఏడాది వైట్‌ఫీల్డ్‌లో ఉంటుంది, వచ్చే ఏడాది యలహంకలో పడుతుంది, మీ ఇల్లేమో బడి కోసం కె.ఆర్.పురంలో ఉంటుంది. పొద్దున ఆరున్నరకు పోతే రాత్రి తొమ్మిదికి వస్తాను నేను. మొదటి ఏడాది మా ఇంటామె రోజంతా తలుపేసుకుని కూర్చునేది, ఊళ్లో అరుగు మీద నలుగురుంటారు గదా, ఇక్కడ పక్కింటివాళ్ల పేరు తెలియడానికి మూణ్ణెల్లు పట్టింది. తర్వాత ఆమె కూడా మీలాగే మిషను పెట్టుకుంది. ఊళ్లో జాకెట్టుకు ఇచ్చేదానికి రెండింతల పైనే ఇస్తారు ఇక్కడ, ఫాల్స్, పీకో కూడా నేర్చుకుంది, ఇప్పుడు ఇంటద్దె ఆమె మిషను మీదే వెళ్తుంది. మీ చేతిలో ఆ పని ఉంది కాబట్టి మీకు ధైర్యంగా చెప్తున్నాను, ఏ పనీ లేని ఇంటివాళ్లకైతే రమ్మని చెప్పను.

నీళ్ల సంగతి కూడా తెలుసుకోండి. 2024 ఎండాకాలం మా వైపు బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతికాం, కనిగిరి నీళ్ల బాధ తప్పించుకుని వస్తే ఇక్కడా బిందెలు పట్టుకుని నిలబడ్డాం. ఇల్లు చూసేటప్పుడు కావేరి నీళ్ల కనెక్షన్ ఉందా లేదా అని అడగండి, గదులు ఎన్నని తర్వాత అడగొచ్చు.

చెలక అమ్మొద్దు. కౌలుకిచ్చి రండి. ఇది నా మాటగా గట్టిగా చెప్తున్నాను.

పొదిలి మాస్టారు:

అమ్మా, నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా బడి నుంచి ప్రతి జూన్‌లో పదీ పన్నెండు మంది టీసీలు తీసుకుని బెంగళూరు, హైదరాబాద్ వెళ్తారు, వాళ్లలో కొందరు ఏడాది తిరక్కుండా మళ్లీ వస్తారు. మీ ప్రశ్నల్లో చదువుదే పెద్దది. దాని గురించి తొందరపడకుండా చదవండి.

మన రాష్ట్రంలో ఇంజినీరింగు వంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులకు. స్థానికత అంటే ఇక్కడ పుట్టడం కాదు, ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఈ స్థానికతను యూనివర్సిటీ పరిధిని బట్టి చూస్తారు, మన ఉమ్మడి ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి వస్తుంది, పక్కనున్న నెల్లూరు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) పరిధి. పాప ఎనిమిది నుంచి పది దాకా బెంగళూరులో చదివి ఇంటర్‌కు ఒంగోలు వచ్చి చేరినా ఆ నాలుగేళ్లు నిండవు. మిగతా 15 శాతంలో మాత్రం అవకాశం ఉంటుంది, తల్లిదండ్రులు పదేళ్లు రాష్ట్రంలో ఉన్నట్టు సర్టిఫికెట్టు పెట్టాలి, పోటీ ఎక్కువ.

సరే, అక్కడే చదివి అక్కడే సీటు తెచ్చుకుంటుందిలే అనుకుందాం. కర్ణాటక సీఈటీ అనే ప్రవేశ పరీక్షలో ప్రభుత్వ సీటు రావాలంటే ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) లోపు కనీసం ఏడేళ్లు ఆ రాష్ట్రంలో చదివి ఉండాలి, పదో తరగతి గానీ రెండో పీయూసీ గానీ అక్కడ పాసై ఉండాలి. పాప ఇప్పుడు ఎనిమిదిలో చేరితే పీయూసీ అయ్యేసరికి అయిదేళ్లే అవుతాయి. ఇక్కడ స్థానికత పోతుంది, అక్కడ రాదు. రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది బిడ్డ. ఈ లెక్క చూసుకోకుండా వెళ్లి, ఇంటర్ అయ్యాక కౌన్సెలింగులో తెలుసుకుని ఏడ్చిన తండ్రిని నేను చూశాను.

బాబు సంగతి వేరు. మూడో తరగతిలో అక్కడ చేరితే పీయూసీకి పదేళ్లు అవుతాయి, వాడికి అక్కడ ఏ అడ్డూ లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు రకాల లెక్క, మీ చిక్కంతా అక్కడే ఉంది.

ఇంకొకటి. జడ్పీ హైస్కూల్లో బాగా చదువుతోంది అన్నారు. మన రాష్ట్ర ప్రభుత్వ ట్రిపుల్ ఐటీ (ఇంజినీరింగు కాలేజీ) సీట్లు పదో తరగతి మార్కులతోనే ఇస్తారు, రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు 4 శాతం అదనంగా కలుపుతారు. మా బడి నుంచి వెళ్లిన పిల్లలున్నారు, కూలి చేసుకునే ఇళ్ల పిల్లలు, ఆరేళ్ల చదువు అక్కడే ఉండి చదువుకుంటారు. మీ పాపకు అది మూడేళ్ల దూరంలో ఉంది.

కన్నడం గురించి మరీ భయపడొద్దు. అక్షరాలు మనవాటికి అక్కచెల్లెళ్లలాంటివి, తలకట్టు తేడా తప్ప చాలావరకు చూడగానే పోలుస్తారు, తెలుగు బాగా వచ్చిన పిల్లలు రెండు మూడు నెలల్లో చదివేస్తారు. చదవడం వేరు, పదో తరగతి పరీక్షలో పేజీలు రాయడం వేరు. చిన్నవాడికి అది ఆటలాగా వస్తుంది.

నా సలహా, పాపను పది దాకా కదపొద్దు. మీరు తప్పక వెళ్లాల్సి వస్తే కస్తూర్బా బాలికా విద్యాలయంలో ఖాళీలు ఉంటే ఎనిమిదిలో కూడా తీసుకుంటారు, లేదా అత్తగారి దగ్గర ఉంచొచ్చు.

కందిచేను:

మాస్టారూ, ఈ ఏడేళ్ల లెక్క మాకు ఎవరూ చెప్పలేదు. చాలా పుణ్యం కట్టుకున్నారు. మా ఆయనకు మీరు రాసింది చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే పాపను అమ్మ దగ్గర ఉంచి నువ్వూ బాబూ రండి" అన్నారు చివరికి. నాకు మనసొప్పడం లేదు. అత్తయ్యకు రాత్రి లేచి నడవాలంటే ఒకరు పట్టుకోవాలి.

ఉదయగిరి:

అక్కా, మేం చెన్నై వెళ్లి మూడేళ్లుండి వెనక్కి వచ్చినవాళ్లం. మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం, ఉదయగిరి వైపు, మీకు కొండ ఇవతల. నేను శ్రీపెరంబుదూరు దగ్గర కంపెనీలో కాంట్రాక్టు పనికి చేరి, భార్యనీ కూతుర్నీ తీసుకెళ్లాను. తమిళనాడులో బళ్లలో తమిళం తప్పనిసరి, 2006లో చట్టం చేశారు. తమిళ అక్షరం మనదానికి పోలిక ఉండదు. పాప నాలుగో తరగతి. ఇంటికొచ్చి మాట్లాడేది కాదు. టీచరు తిట్టిందని కాదు, ఏమడుగుతున్నారో అర్థం కాక ఊరుకుంటే మొద్దు అనుకున్నారని ఆ బాధ. అదొక్కటే కాదులెండి, కాంట్రాక్టు పని ఏడాదికోసారి తీసేసి మళ్లీ పెట్టుకునేవాళ్లు, ఆ మధ్యలో అద్దె కట్టలేక మా మామ దగ్గర అప్పు చేశాను.

కాగితాల సంగతి అడిగారు కదా, నాకు తెలిసింది చెప్తాను. రేషనుకు ఒకే దేశం ఒకే కార్డు కింద కేంద్రం ఇచ్చే బియ్యం ఏ రాష్ట్రంలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, మీ రైస్ కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందదై ఉండాలి, అది మీ గ్రామ సచివాలయంలో అడిగితే చెప్తారు. కార్డు అక్కడికి మార్చాల్సిన పని లేదు. కర్ణాటక కార్డు తీసుకుంటే అక్కడి పథకాలు వస్తాయని కొందరు ఆశ పెడతారు, దానికి ముందు ఇక్కడి కార్డులోంచి పేర్లు తీయించుకోవాలి, ఒకసారి తీశాక మళ్లీ ఎక్కించుకోవడం ఎంత తిప్పలో నేను పడ్డాను. రెండేళ్లు కుదురుకున్నాకే ఆ పని చెయ్యండి.

పింఛను అత్తగారు ఊళ్లో ఉంటేనే. ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇస్తారు, ఒక నెలో రెండు నెలలో లేకపోతే తర్వాత కలిపి ఇస్తారు, వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే వలస వెళ్లినట్టు రాసుకుని ఆపేస్తారు. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు మీ ఇద్దరికీ పదమూడు వేల చొప్పున పడుతోంది కదా, అది కూడా ఇక్కడి బడిలో ఉంటేనే. పింఛను నలభై ఎనిమిది వేలు, ఇది ఇరవై ఆరు వేలు, ఏడాదికి డెబ్బై నాలుగు వేలు మీరు అక్కడ అదనంగా సంపాదిస్తే ఇక్కడి స్థితికి సమానం అవుతారు. దాని మీద అద్దె. బావగారి రూము ఖర్చు మిగులుతుంది, అది తీసెయ్యండి.

మేం వెనక్కి వచ్చి ఊరికి వెళ్లలేదు, నెల్లూరు టౌన్లో ఉన్నాం. ఇక్కడా అపార్టుమెంట్లు బాగానే లేస్తున్నాయి, టైల్స్ మేస్త్రీలకు పని దొరుకుతుంది. కూలి బెంగళూరంత రాదు, నిజమే. కానీ ఇల్లు ఆరు వేలకు దొరికింది, పాప తెలుగులో మళ్లీ నోరు విప్పింది, అమ్మకు ఒంట్లో బాగాలేదంటే పొద్దున బస్సెక్కి మధ్యాహ్నానికి ఊళ్లో ఉంటాను. వేరే రాష్ట్రం ఒక్కటే దారి అనుకోకుండా, బావగారిని నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక నెల పని చేసి చూడమనండి.

ఒక్కటి మాత్రం, నెల్లూరు వస్తే మాస్టారు చెప్పినట్టు ఎస్వీయూ పరిధి అవుతుంది. ఒంగోలు అయితే ఆ తేడా కూడా ఉండదు.

ఏఎన్ఎం అక్క:

చెల్లీ, అందరూ చదువు, డబ్బు చెప్పారు, నేను నీళ్లు చెప్తాను. నేను ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తగా, మీ వైపు మండలాల్లో పదిహేనేళ్లు తిరిగాను. మీ అత్తయ్య మోకాళ్ల నొప్పులు వయసు వల్ల కావచ్చు, మన బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ వల్ల కూడా కావచ్చు, మెడ వంచి గడ్డం ఛాతీకి ఆనించగలదా, వంగి కాలి వేళ్లు ముట్టుకోగలదా చూడండి, చెయ్యలేకపోతే డాక్టరుకు చూపించండి.

నాకు దిగులు బాబు గురించి. శాశ్వతంగా ఉండే పళ్లు లోపల తయారయ్యేది పసితనం నుంచి ఎనిమిదేళ్ల దాకా, ఆ వయసులో తాగిన ఫ్లోరైడే పళ్ల మీద గోధుమరంగు మచ్చలై జీవితాంతం ఉండిపోతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటిన నీళ్లు తాగకూడదు. చాలామంది కాచి పోస్తున్నామండీ అంటారు, కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ప్లాంటు నీళ్లు తాగడానికి మాత్రం తెచ్చుకుని అన్నం, పప్పు బోరు నీళ్లతో వండేవాళ్లు మన దగ్గర ఎంతమందో! పప్పు ఉడికేటప్పుడు ఆ నీళ్లన్నీ లోపలికే పోతాయి. రోజూ ఇంకో క్యాను తెప్పించుకుని వంటకు కూడా అవే వాడండి, పిల్లలకు పాలు, ఉసిరికాయ, జామకాయ పెట్టండి. ఈ పని చెయ్యడానికి బెంగళూరు వెళ్లక్కర్లేదు, రేపటి నుంచే చెయ్యొచ్చు. నీళ్ల కోసమే వెళ్లాలనుకుంటే మాత్రం, మేస్త్రీ గారు చెప్పిన ట్యాంకరు నీళ్లు కూడా బోరువే అని గుర్తుపెట్టుకోండి.

సీఎస్ పురం అమ్మాయి:

అక్కా, నాకు ఇరవై నాలుగేళ్లు. నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు మా అమ్మానాన్న తమ్ముడిని తీసుకుని బెంగళూరు వెళ్లారు, నన్ను మా నాయనమ్మ దగ్గర ఉంచారు. కారణం ఇదే, నా చదువు పాడవకూడదని. చదువు పాడవలేదు, పదిలో మంచి మార్కులు వచ్చాయి, బీటెక్ అయింది, ఉద్యోగం చేస్తున్నాను. మాస్టారు చెప్పింది తప్పని నేను అనను.

కానీ నేను పెద్దమనిషినైనప్పుడు మా అమ్మ లేదు. ఫంక్షనుకు వచ్చింది, మూడో రోజు వెళ్లిపోయింది. రాత్రిళ్లు నాయనమ్మకు నేను లేచి మందులిచ్చేదాన్ని, వాకిట్లో ఏ చప్పుడైనా నాకే మెలకువ వచ్చేది. మా తమ్ముడి పుట్టినరోజు ఫొటోలు ఫోన్లో వచ్చేవి, ముగ్గురూ ఉంటారు. నన్ను వదిలేశారని కాదు, నాకు తెలుసు ఎందుకు చేశారో. ఇప్పటికీ మా అమ్మతో ఏదన్నా చెప్పాలంటే నాకు నోరు రాదు, అలవాటు పోయింది. మా తమ్ముడు అన్నీ చెప్తాడు.

మీరు వెళ్తే అందరూ వెళ్లండి, ఉంటే అందరూ ఉండండి. మీకు వీలుకాకపోతే బావనే దగ్గరికి రమ్మనండి, ఉదయగిరి అన్న చెప్పినట్టు. అసలు ఇన్ని రిప్లైలు చదివాను, పాప ఏమంటోందో మాత్రం ఎక్కడా లేదు. పన్నెండేళ్లు వచ్చాయి, అర్థమవుతుంది అక్కా, అడగండి.

హోసకోటె మేస్త్రీ:

ఈ అమ్మాయి రాసింది చదివి మా పెద్దోడికి ఫోన్ చేశాను, వాడు హాస్టల్లో ఉంటాడు. చెల్లెమ్మా, నేను పైన చెప్పినదాంట్లో ఒక మాట కలుపుతాను. వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకుని నెలరోజులు బావ దగ్గరికి రండి. అడ్వాన్సు లేకుండా నెలవారీగా ఇచ్చే చిన్న గదులు మా వైపు దొరుకుతాయి. బండెడు సామాను ఎత్తకముందు ఒక నెల బతికి చూస్తే మీకే తెలుస్తుంది. మా ఇంటామె మీ మిషను పనికి నలుగురిని పరిచయం చేస్తానంటోంది.

కందిచేను:

అందరికీ ఒక్కొక్కరికి విడిగా జవాబు రాయలేకపోయాను, తప్పుగా అనుకోకండి. సీఎస్ పురం చెల్లీ, నువ్వు రాసింది చదివాక రెండు రోజులు నాకు ఏ పనీ చేతికి రాలేదు.

నిన్న రాత్రి బాబు పడుకున్నాక పాపను కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పాను, మాస్టారు చెప్పిన ఏడేళ్ల లెక్కతో సహా. అంతా విని అది అన్న మొదటి మాట, "నాన్న చెయ్యి విరిగినప్పుడు నాకు వారం దాకా చెప్పలేదు కదమ్మా నువ్వు." నిజమే, పరీక్షలున్నాయని నేనే చెప్పలేదు. ఆయన నాకు చేసిందే నేను దానికి చేశాను. తర్వాత చెప్పింది, పది ఇక్కడే రాస్తానని, ట్రిపుల్ ఐటీ గురించి దానికి ముందే తెలుసట, వాళ్ల సీనియరు అక్క వెళ్లిందట. నాయనమ్మ దగ్గర ఒక్కదాన్నే మాత్రం ఉండనంది. "నువ్వు లేకుండా నాకు లెక్కలు ఎక్కవు" అంది.

ఈ జూన్‌కు టీసీలు తీసుకోవడం లేదు. ఆయనకు చెప్పాను. కోపమొచ్చింది మొదట, ఒక రోజు ఫోన్ ఎత్తలేదు. తర్వాత ఆయనే చేసి, ఒంగోలులో తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు, ఉగాదికి వచ్చినప్పుడు వెళ్లి కలుస్తానన్నారు. కూలి తక్కువ వస్తే ఎట్లా అని ఆయన దిగులు. లేబర్ కార్డుకు కాగితాలు మేస్త్రీ అన్నయ్య చెప్పినట్టు మొదలుపెట్టారు, కాంట్రాక్టరు సంతకం పెట్టనంటే పక్క సైటు ఆయన చేత పెట్టించుకుంటున్నారట. ఏం జరిగినా ఆ రోజే నాకు చెప్తానని ఒట్టు వేయించుకున్నాను. నేనూ పాపకు వేశాను.

ఇంటికి రెండో క్యాను వేయమని చెప్పాను, సోమవారం నుంచి పప్పు కూడా ఆ నీళ్లతోనే. అత్తయ్యకు గడ్డం ఛాతీకి ఆనడం లేదు అక్కా, వచ్చే బుధవారం కనిగిరి తీసుకెళ్తున్నాను.

సెలవులు ఇవ్వగానే బెంగళూరు వెళ్తున్నాం, నెల రోజులు. ఏప్రిల్ 25 రాత్రి బస్సుకు మూడు టికెట్లు చేయించాను. మిషను బస్సులో వేసుకుంటారా లేదా కండక్టరును అడగాలి. అత్తయ్యను కూడా రమ్మంటున్నాం, మే ఒకటో తారీఖు పింఛను పోతుందని రానంటోంది, జూన్‌లో కలిపి ఇస్తారని సచివాలయంలో అడిగి వచ్చి చెప్పాను, అయినా నమ్మడం లేదు. నాలుగో టికెట్టు ఇంకా చేయించలేదు.